తగ్గి రండి

ఆ వేసవిలో నన్ను తగ్గమనని మనిషి లేడు. డాక్టరమ్మ తగ్గమంది, అమ్మ తగ్గమంది, మా క్రీడా సంఘం కార్యదర్శి కూడా ఇంకో సంగతి మీద కాస్త తగ్గి ఉండమన్నాడు. ఎండలు ఆ ఏడు తొందరగా వచ్చి ఆలస్యంగా పోయాయి. నేను కూడా చాలా రోజులు తగ్గాను. ఆ తర్వాత మానేశాను.

నేను బరువులెత్తే ఆడదాన్ని. ఎత్తేదాన్ని అనాలి, ఇప్పుడు ఆడపిల్లలకు ఎత్తడం నేర్పుతున్నాను. రేకుల కప్పున్న హాలు, నేలంతా నల్ల రబ్బరు పలకలు, గోడవారగా పేర్చిన ఇనుప ప్లేట్లు, మూలనున్న తొట్టిలో చేతులకు రాసుకునే సుద్దపొడి. ఇదీ నా రాజ్యం. మా ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. నేను ఇనుమును పైకెత్తిస్తాను, ఆయన మనుషుల్ని పైకెత్తిస్తాడు. "ఇంటిల్లిపాదీ ఎత్తేవాళ్ళే, ఎత్తుకోవడానికి మాత్రం ఇంట్లో ఎవరూ లేరు" అని మా అత్తయ్య ఒకసారి నవ్వుతూ అనేసింది. అన్నాక నాలుక కరుచుకుంది. ఆ సాయంత్రమంతా నా వెనకే తిరుగుతూ అక్కర్లేని పనులన్నీ చేసిపెట్టింది.

పెళ్ళై అప్పటికి చాలా ఏళ్ళు. నాకు ముప్పై ఏడు నిండాయి. మందులు, మాత్రలు అన్నీ అయిపోయి, ఇక బయట అండాన్ని ఫలదీకరించి లోపల పెట్టడమే దారి అని చెబితే, ఆ ఆసుపత్రి మెట్లెక్కాం. ఆ రోజు ఎక్కడో లిఫ్టులో జనం ఇరుక్కుపోయారని మా ఆయనకు పిలుపొచ్చింది. తోడుగా అమ్మ వచ్చింది.

డాక్టరమ్మది నా వయసే ఉంటుంది. చల్లటి గది, గాజు బల్ల, బల్ల మీద గర్భసంచి బొమ్మ. "ఇప్పుడున్న బరువు మిషన్ చెప్పింది. నాకు మొదటి నుంచి చెప్పండి. పద్దెనిమిదేళ్ళప్పుడు ఎంత ఉండేవారు? పెళ్ళప్పుడు ఎంత? మధ్యలో బాగా పెరగడం, బాగా తగ్గడం ఏమైనా జరిగాయా?" అని అడిగింది.

నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది. "పెళ్ళప్పుడు మెరుపుతీగలా ఉండేదండీ. ఫోటోలు చూపిస్తే మీరు నమ్మరు. తర్వాతే ఇలా అయింది. చెబితే వినదు."

నా బరువులు నాకు తెలియక కాదు. జనం పరీక్షల మార్కులు గుర్తుపెట్టుకున్నట్టు నేను పోటీకి ముందు తూచిన ప్రతి బరువూ గుర్తుపెట్టుకున్నాను. చెప్పనిది అది కాదు. పందొమ్మిదేళ్ళప్పుడు మా గురువుగారు నన్ను తక్కువ బరువుండే కింది విభాగంలో దింపాలనుకున్నాడు, పై విభాగంలో నాకన్నా గట్టి పిల్ల ఉందని. దుప్పట్లు చుట్టుకుని ఎండలో పరిగెత్తాను. నీళ్ళు మానేసి, నోట్లో ఊరిన ఉమ్మిని కూడా తువాలులోకి ఉమ్మాను. పతకం వచ్చింది. నెలసరి ఆగిపోయింది. సిగ్గుపడుతూ ఆయనకు చెబితే, "మంచిదేగా, పోటీలప్పుడు గొడవుండదు" అన్నాడు. పోటీ అయ్యాక ఆబగా తిన్నాను, ఉబ్బాను. మళ్ళీ పోటీ, మళ్ళీ పస్తు. బావిలో బొక్కెన దిగినట్టు, ఎక్కినట్టు నా ఒళ్ళు అలా ఏళ్ళ తరబడి దిగుతూ ఎక్కుతూ ఉంది. ఆఖరి పస్తు పోటీకి కాదు, పెళ్ళి ఫోటోల కోసం. అది అమ్మ పెట్టించింది.

ఇదంతా అమ్మ పక్కన కూర్చోబెట్టుకుని ఎలా చెప్పను? "పెరిగానండీ, తగ్గానండీ, మళ్ళీ పెరిగానండీ" అన్నాను. డాక్టరమ్మ తలూపి, తగ్గాల్సింది ఎంతో చెప్పింది. "తగ్గి రండి, అప్పుడు మొదలుపెడదాం. ఇప్పుడే చేస్తే నా మందూ వృథా, మీ ఆశా వృథా."

బయటికొచ్చాక అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "విన్నావుగా? ఇక నువ్వు నాకు వదిలెయ్" అంది. వదిలేశాను. బిడ్డ కావాలన్న ఆశ మనిషిని ఎంత మెత్తగా చేస్తుందో, అంత మెత్తబడ్డాను.

* * *

రెండో రోజుకల్లా అమ్మ సూట్‌కేసుతో దిగిపోయింది. దాంట్లో బట్టల కన్నా ముందు బయటికొచ్చింది కూరగాయలు తూచే చిన్న కాటా. మా వంటగదిలో అప్పటిదాకా చలామణీ అయినది అత్తయ్య చేతి కొలత. ఇప్పుడు అమ్మ కొలత వచ్చింది. నా పళ్ళెంలో కీరదోస ముక్కలు, పల్చటి సూప్, అరచేతిలో దాగిపోయే రొట్టెముక్క.

"వదినగారూ, పగలంతా ఇనుముతో కుస్తీ పట్టే పిల్లండీ. ఇది దాని పంటి కిందికైనా వస్తుందా?" అంది అత్తయ్య.

"మీరు జాలిపడే ఇలా చేశారు వదినగారూ" అంది అమ్మ నవ్వుతూనే. కానీ మర్నాటి నుంచి రోజూ నా సంచిలో, తువాలు మడతలో ఉడకబెట్టిన గుడ్డొకటి దొరికేది. దాన్ని పిడుగుకిచ్చేసేదాన్ని.

పిడుగు అంటే మా హాల్లో అందరికన్నా చిన్నది. పదహారేళ్ళ పిల్ల. కాళ్ళు పొట్టి, నోరు పొడుగు. దాన్ని నేనే పట్టుకొచ్చాను, సంతలో మూటలు దించుతుంటే చూసి. వేసవి చివర్లో చిన్నవాళ్ళ పోటీలున్నాయి. మా హాలు మీద ఎవరికైనా ఆశ ఉందంటే అది దాని మీదే.

పస్తులుండటంలో నేను ఆరితేరినదాన్ని కనక తొందరగానే తగ్గాను. ఒంటి మీది బట్టలు వదులయ్యాయి. అమ్మ ముఖం మతాబులా వెలిగిపోయింది. దువ్వెనకు ఊడొస్తున్న జుట్టునీ, బరువులెత్తే ఇనుప బార్ పట్టుకుంటే వణుకుతున్న వేళ్ళనీ నేను అమ్మకు చూపించలేదు. కారణం లేకుండా మా ఆయన మీద అరిచేదాన్ని. ఆయన లిఫ్టు తలుపుల మధ్య ఇరుక్కున్నవాడిలా చూసేవాడు.

అప్పుడు నా నెలసరి తప్పింది.

ఇంట్లో ముందుగా పసిగట్టింది అమ్మే. "చూశావా, ఒళ్ళు తగ్గేసరికి ఆసుపత్రి అక్కర్లేకుండానే..." అంటూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, తన మాటకే దిష్టి తగులుతుందన్నట్టు. మా ఆయన పరీక్ష చేసుకునే కిట్ తెచ్చాడు. ఒకటి కాదు, మూడు తెచ్చాడు. అత్తయ్య స్నానాలగది తలుపు బయట పీట వేసుకుని కూర్చుంది. నేను లోపల నిలబడి, ఒంటరిగా కనబడిన గీత వంక చూస్తూ ఉండిపోయాను. నాకు ముందే తెలుసు. ఈ ఆగిపోవడం నాకు పాత చుట్టం. కానీ బయట ముగ్గురు ఊపిరి బిగబట్టి కూర్చుంటే, తెలిసిన మనిషికి కూడా ఆశ పుడుతుంది.

తలుపు తీసి తల అడ్డంగా ఊపాను. మా ఆయన మిగిలిన కిట్లు జేబులో పెట్టుకుని పనికి వెళ్ళిపోయాడు. "ఇంకొంచెం తగ్గితే..." అంది అమ్మ.

* * *

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం హాలుకు వెళ్ళేసరికి, బయట గోడ వెంబడి పిడుగు పరిగెడుతోంది. రేకులు కాలిపోతున్న ఎండ. మెడదాకా జిప్పు బిగించిన కోటు, దాని కింద ప్లాస్టిక్ వానకోటు. పెదాలు పగిలి తెల్లబడ్డాయి.

"ఆగు!" అన్నాను. ఆగలేదు. అడ్డంగా వెళ్ళి పట్టుకున్నాను. నా చేతుల్లో పడ్డ ఒళ్ళు పొయ్యి మీంచి దించిన గిన్నెలా ఉంది.

నీడలోకి లాక్కొచ్చి కోటు విప్పాను. లోపల చెమట నీళ్ళలా కారింది. "ఎవడు చెప్పాడే నీకు?"

"కార్యదర్శిగారు. కింది విభాగంలో దిగితే పతకం ఖాయమన్నారు. ఇంకొంచెం దిగితే చాలక్కా."

"ఆయన చెబితే నాకు చెప్పొద్దూ?"

పిడుగు నా వంక వింతగా చూసింది. "మీరూ అదే చేస్తున్నారుగా అక్కా. మీ గుడ్డు కూడా నాకే ఇచ్చేస్తున్నారు. నీళ్ళ సీసా మూత కూడా తియ్యట్లేదు. అక్క చెయ్యగలిగితే నేనూ చెయ్యగలననుకున్నా."

దాని పక్కన కూలబడి అడిగాను. "డేట్ వస్తోందా నీకు?"

తల దించుకుంది. "లేదు. మంచిదేగా అక్కా, పోటీలప్పుడు గొడవుండదు."

ఆ మాట దానికి నేను నేర్పలేదు. మా గురువుగారిని అది ఎన్నడూ చూడలేదు. సీసా మూత తీసి దాని చేతికిచ్చాను. అది తాగాక నేనూ తాగాను. ఇద్దరం లేచి, సందు మలుపులో రొట్టెల దుకాణానికి వెళ్ళి, బల్లకు అటూ ఇటూ కూర్చుని తిన్నాం. మధ్యలో దుకాణదారు వచ్చి ఇంకేమైనా కావాలా అని అడిగాడు. కావాలన్నాను.

కార్యదర్శి సాయంత్రానికి ఊడిపడ్డాడు. మనిషి చెడ్డవాడు కాదు, పతకాలంటే పిచ్చి. "ఏమ్మా, పిల్లని పై విభాగంలో రాయించావట? అక్కడ దానికి పతకం గాలి కూడా తగలదు."

"తగలకపోతే పోయె. దాని ఒంటి బరువు అది. ఆ బరువుకే ఎత్తుతుంది."

"కాస్త తగ్గి మాట్లాడు. ఇలాగైతే వచ్చే ఏడు జట్టు నీ చేతిలో ఉండదు."

"జట్టు మీ చేతిలోనే పెట్టుకోండి. పిల్ల ఒళ్ళు మాత్రం నా చేతిలో పెట్టారు వాళ్ళమ్మా నాన్నా."

ఆయన చాలాసేపు సణిగాడు. పిడుగు గోడ చాటున నిలబడి అంతా వింది. విని మర్నాడు హాలంతా చాటింపు వేసింది.

* * *

ఇంటికెళ్ళి నేరుగా వంటగదిలోకి నడిచాను. అమ్మ పెట్టిన సూప్ గిన్నె పక్కకు జరిపి, పెనం పెట్టి నాలుగు గుడ్లు కొట్టాను.

"ఇదేంటే? ఇన్నాళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరు చేస్తావా?" అమ్మ పొయ్యి ఆపబోయింది.

నేను అమ్మ చెయ్యి మెల్లగా తప్పించాను. పెనం ముందే నిలబడి తింటూ, పందొమ్మిదేళ్ళ నాటి నుంచి అంతా చెప్పాను. దుప్పట్లు, తువాలు, ఆగిన నెలసరి, గురువుగారి మాట. మా ఆయన అప్పుడే వచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయనా ఇది వినలేదు. అత్తయ్య స్టూలు లాక్కుని కూర్చుంది.

"నాకెందుకు చెప్పలేదే?" అంది అమ్మ.

"చెబితే ఏం చేసేదానివి? పెళ్ళికి ముందు నువ్వూ నాతో అదే చేయించావు కదమ్మా. నీ మెరుపుతీగ ఫోటో తీయించుకున్నప్పుడు నాకు కళ్ళు తిరుగుతున్నాయి. నవ్వుతున్నానని అందరూ అనుకున్నారు. పడిపోకుండా పళ్ళు బిగించానంతే."

నేను ఇంకో గుడ్డు కొట్టాను.

"ఇక తగ్గను. ఇదే ఒంటితో వెళ్ళి డాక్టరమ్మను అడుగుతా. ఒప్పుకుంటే చేయించుకుంటా, లేదంటే లేదు."

"రేపు లిఫ్టులో ఎవరు ఇరుక్కున్నా సరే, నేను వస్తున్నా" అన్నాడు మా ఆయన.

* * *

డాక్టరమ్మ మిషన్ చూసి సంతోషపడింది. "బాగా తగ్గారే! చెప్పినదానికి దగ్గరికొచ్చేశారు."

"తగ్గానండీ. నెలసరి కూడా ఆగిపోయింది."

ఆమె రాస్తున్న పెన్ను ఆగింది. "ఎన్నాళ్ళుగా?"

"ఇప్పటిదా, పందొమ్మిదేళ్ళప్పటిదా? మొదటి నుంచి చెప్పమన్నారు కదా మీరు. అప్పుడు చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను."

ఆమె మధ్యలో ఆపకుండా వింది, అది ఒప్పుకోవాలి. అయ్యాక నేను అడిగాను. "నేను ఇంకా తగ్గితే బిడ్డ పుడుతుందని మాటివ్వగలరా?"

"లేదు. ఎవరూ ఇవ్వలేరు."

"తగ్గేదాకా నా వయసు ఆగుతుందా?"

"ఆగదు." ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. "నేనూ ఊరికే అనలేదండీ. బరువెక్కువుంటే మత్తివ్వడం దగ్గర్నుంచి కాన్పు దాకా జాగ్రత్త పడాల్సినవి ఉంటాయి. అవి అబద్ధం కాదు."

"అబద్ధమని నేననలేదు. పరీక్షలు ఎన్నైనా చెయ్యండి. షుగరు చూడండి, బీపీ చూడండి, గుండె చూడండి. ఏది తేడాగా ఉంటే దానికి మందివ్వండి, వేసుకుంటా. రోజూ నడవమంటే నడుస్తా. కానీ పస్తులుండి రమ్మంటే మాత్రం రాను. ఇంకో డాక్టరు దగ్గరికి వెళతా, అక్కడా కాదంటే ఇంకొకరి దగ్గరికి."

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "లిఫ్టులో రాసుంటుందండీ, ఇంతమందికి మించి ఎక్కరాదని. అదీ మేం పరీక్ష చేశాకే రాస్తాం. చూడకుండా రాయం" అన్నాడు. ఆయన జీవితంలో అంత పొడుగు మాట ఇంకో డాక్టరుతో మాట్లాడలేదు.

డాక్టరమ్మకు నవ్వొచ్చింది. ఆపుకుంది. "ముందు మామూలుగా తినండి. నెలసరి తిరిగి రానివ్వండి. ఈలోపు పరీక్షలు రాస్తాను. అన్నీ బావుంటే, ఎంత బరువున్నా మొదలుపెడదాం. అవకాశాలు గొప్పగా ఉంటాయని మాత్రం చెప్పను."

"గొప్పగా చెప్పొద్దండీ. ఉన్నది చెప్పండి చాలు."

* * *

తిన్నాను. నెలసరి వచ్చింది. తగ్గినదాంట్లో సగం పైగా తిరిగొచ్చింది. పరీక్షల్లో బీపీ కాస్త ఎక్కువుందన్నారు, మాత్ర వేసుకున్నాను. పొట్ట మీద సూదులు నేనే పొడుచుకునేదాన్ని; మా ఆయన కళ్ళు మూసుకుని దూదిముక్క పట్టుకునేవాడు. అండాలు తీశారు. రెండు పిండాలు తయారయ్యాయి. ఒకటి లోపల పెట్టి, రెండోది గడ్డకట్టించి దాచారు.

ఆ మధ్యలోనే పోటీలు వచ్చాయి. పిడుగు పై విభాగంలో దిగింది. తనకన్నా తలెత్తు పొడుగున్న పిల్లల మధ్య నిలబడి, చేతులకు సుద్ద రాసుకుని, నా వంక చూసింది. ఎన్నడూ ఎత్తని బరువు ఎత్తింది. నాలుగో స్థానం వచ్చింది. పతకం లేదు. కార్యదర్శి ముఖం మాడ్చుకున్నాడు. "అక్కా, ఆకలేస్తోంది" అంటూ పిడుగు పరిగెత్తుకొచ్చింది. అంతకన్నా మంచి మాట నేను ఆ హాల్లో వినలేదు.

మొదటి పిండం నిలవలేదు. ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చినప్పుడు ఇంట్లో అందరం ఉన్నాం. నేను గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. ఏడుపు రాలేదు.

అమ్మకు ఏడుపొచ్చింది, దాంతో పాటు మాటా వచ్చింది. "నా మాట వినుంటే... ఇంకొంచెం ఓర్చుకునుంటే..."

"వదినగారూ." అత్తయ్య గొంతు పెంచలేదు. "నేను ఆ వయసులో ఎండుపుల్లలా ఉండేదాన్ని. గాలికి ఎగిరిపోతానని ఎగతాళి చేసేవాళ్ళు. వీడు పుట్టేసరికి నాకు తలలో తెల్ల వెంట్రుకలొచ్చాయి. ఇంత సన్నంగా ఉంటే కడుపెక్కడ నిలుస్తుందని మా అత్త బలవంతంగా తినిపించి, వాంతి చేసుకుంటే కొట్టింది. అప్పుడు నాకు ఒళ్ళు లేదన్నారు. ఇప్పుడు దీనికి ఒళ్ళు ఎక్కువైందంటున్నారు. సరిగ్గా ఎంతుంటే నోళ్ళు మూతపడతాయో నాకు ఈనాటికీ తెలీదండీ."

మా ఆయన వాళ్ళమ్మ వంక కొత్తమనిషిని చూసినట్టు చూశాడు. అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి వెళ్ళింది. సామాను సర్దుకుంటుందేమో అనుకున్నాను. ఇల్లు వదిలి వెళ్ళలేదు. కాటా మాత్రం మర్నాటి నుంచి వంటగదిలో కనబడలేదు.

రెండో పిండం పెట్టించుకోవడానికి వెళ్ళేటప్పుడు మబ్బులు పట్టాయి. ఈసారి నేనేమీ మొక్కుకోలేదు, లెక్కలు వేసుకోలేదు. రోజూ హాలుకు వెళ్ళి, బార్ ముట్టుకోకుండా కుర్చీలో కూర్చుని పిల్లల మీద కేకలు వేశాను. ఫోన్ వచ్చినప్పుడు బయట వాన. రేకుల మీది మోతలో డాక్టరమ్మ మాట సరిగ్గా వినబడక, "ఏంటండీ? నిలవలేదా?" అని అరిచాను.

"నిలిచింది!" అని ఆమె కూడా అరిచింది. "ఇప్పుడే సంబరపడిపోకండి, ముందు చాలా ఉంది. కానీ నిలిచింది."

పిల్లలంతా బార్లు దించేసి నా వంక చూస్తున్నారు. నేను వాన వంక చూస్తూ నిలబడ్డాను, ముఖం తడిసినా ఎవరికీ తెలియకుండా.

* * *

కొన్ని వారాలు గడిచి, లోపల గుండె కొట్టుకోవడం తెర మీద చూసొచ్చిన రోజు, ముందుగదిలో అమ్మ పిన్నితో ఫోన్‌లో మాట్లాడుతోంది. తలుపు దగ్గర నాకు అంతా వినబడింది.

"అవునే! నేనే దగ్గరుండి తగ్గించాను కదా. నోరు కట్టించాను. ఒళ్ళు తగ్గింది, కడుపు పండింది. మీ కోడలికీ చెప్పు..."

నేను వెళ్ళి ఫోన్ అందుకున్నాను. "పిన్నీ, తగ్గడం వల్ల కాదు. తగ్గినప్పుడు నెలసరే ఆగిపోయింది. శుభ్రంగా తిన్నాక చేయించుకున్నా. ఒకసారి పోయింది, ఒకసారి నిలిచింది. ఎందుకు పోయిందో, ఎందుకు నిలిచిందో డాక్టరుకే తెలీదు. మీ కోడల్ని పస్తు పెట్టకండి. డాక్టరుకు మాత్రం ఏదీ దాచకుండా అంతా చెప్పమనండి."

పిన్ని అవతల ఏదో గొణిగి పెట్టేసింది.

అమ్మ ముఖం చిన్నబోయింది. సోఫా అంచున కూర్చుని కొంగు చివర మెలిపెడుతూ ఉండిపోయింది. నేను పక్కన కూర్చున్నాను. కొంగు వదిలి అంది. "మరి జనం అడిగితే ఏం చెప్పనే? ఏదో ఒకటి చెప్పాలిగా."

"పిల్ల బలంగా ఉందని చెప్పు."

"ఇంకా వేలెడంత కూడా లేదు, అప్పుడే బలమేంటే? ఏ పిల్ల?"

"నీ పిల్ల" అన్నాను.

అమ్మ నా వంక చూసింది. ముందు ముఖం చూసింది, తర్వాత భుజాలు, తర్వాత సుద్దపొడికి మొరటుదేరిన చేతులు. ఫోన్ మళ్ళీ తీసుకుని, పిన్నికే కలిపింది.